తెల్లచుక్క పడనిదే

మా నాటకశాలకు నూరేళ్లు. అందులో బాంబులు పడ్డ ఏళ్లున్నాయి, వేదిక మీద ధాన్యం బస్తాలు పేర్చిన ఏళ్లున్నాయి. అన్నిటినీ తట్టుకుంది. పోయినేడు సంరక్షణ కమిటీ వచ్చింది, అసలు గండం అదే. పేరుకు సంరక్షణ గానీ, మొదటి సమావేశంలోనే పదహారు వంటకాల భక్షణ జరిగింది. కమిటీ పెద్ద యాన్ షౌరెన్‌కి ఆటంటే తెలియదు, ఆటంకమంటే బాగా తెలుసు.

ముందు హాల్లో మా చరిత్రను పన్నెండు అద్దాల పలకల మీద రాయించాడు. అతని లెక్కలో చరిత్ర రాయడమంటే ముప్పావు వంతు చెరపడమే. నాయికలున్నారు, సేనాపతులున్నారు. విదూషకుడు వెతికినా లేడు. అద్దం ఉన్నదాన్ని చూపిస్తుందని, ఇక్కడ నలభై ఏళ్లుగా డోలు వాయిస్తున్న నేను పొరబడ్డాను.

మా విదూషకుడు ఛూ బావోలిన్ మాస్టారికి డెబ్బై ఒకటి. నూరేళ్ల పండుగ ఆటకు పైనుంచి పెద్దలు వస్తున్నారని, వాళ్ల ముందు కుప్పిగంతులు సంస్కృతి స్థాయికి తగవని యాన్ ఆయన పేరు పట్టికలోంచి తీసేశాడు. హాల్లో కుర్చీ వేయించి, పలకల మీద ఎవరూ చేతులు వేయకుండా చూడమన్నాడు. ఈ ఆటలో వేదిక ఎక్కకపోతే ఇక ఎప్పటికీ ఎక్కనివ్వరు. అది మాస్టారికీ తెలుసు, మాకూ తెలుసు.

రెండింటికి ఆట. పన్నెండింటికి యాన్ మేకప్ గదిలోకి వచ్చి చూస్తే ఇరవై మంది ఉత్త మొహాలతో కూర్చున్నారు. రంగులు కలిపి ఉన్నాయి, కుంచెలు తడిపి ఉన్నాయి. ఒక్కరూ ముట్టలేదు. సేనాపతి వేషం కట్టే లేయ్ తీరిగ్గా టీ తాగుతున్నాడు.

“మాస్టారు ముక్కు మీద తెల్లచుక్క పెట్టుకోలేదు సార్,” అన్నాడు లేయ్.

ఎప్పుడో ఒక చక్రవర్తి సరదాపడి విదూషకుడి వేషం కట్టాడట. అప్పటినుంచి విదూషకుడి ముక్కుకి తెలుపు పడ్డాకే మిగతా మొహాలకు రంగు. సేనాపతైనా దేవుడైనా ఆగాల్సిందే. ఇది మూఢనమ్మకమని యాన్ కసిరాడు. ఉద్యోగాల సంగతి గుర్తుచేశాడు. లేయ్ ఇంకో కప్పు పోసుకున్నాడు.

“నాలుగో పలక మీద మీరే రాయించారు గదా సార్, నూరేళ్లలో ఒక్క ఆచారం కూడా తప్పలేదని. ఇవాళ తప్పితే ఆ పలక తీయించాలి. పెద్దలు ముందు చదివేది దాన్నే.”

యాన్ మొహానికి ఏ కుంచె అవసరం లేకుండానే నాలుగు రంగులు వచ్చాయి. హాల్లోకి పరుగెత్తాడు. ఆ భాగ్యం వదులుకోలేక నేనూ వెనకే వెళ్లాను. మాస్టారు కుర్చీలో కూర్చుని పుచ్చగింజలు కొరుకుతున్నాడు. లోపలికొచ్చి ఒక్క చుక్క పెట్టుకుని, మళ్లీ వచ్చి కూర్చోమని యాన్ బతిమాలాడు.

“పట్టికలో లేనివాడు రంగు పూసుకోకూడదు నాయనా, అదీ ఆచారమే,” అన్నాడు మాస్టారు. “నువ్వింత కష్టపడి కాపాడుతుంటే నేను చెడగొట్టనా?”

గోడకు అంటించిన పెద్ద పట్టికలో యాన్ స్వదస్తూరీతో ఆయన పేరు రాశాడు. ఇంకెక్కడా జాగా లేక తన పేరు పక్కనే రాయాల్సి వచ్చింది. మాస్టారు తాపీగా చదివి, ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచాడు. ఆయన ముక్కు మీద చుక్క పడగానే ఇరవై కుంచెలు ఒక్కసారి లేచాయి.

పెద్దలు గంట ఆలస్యంగా వచ్చారు, అది వాళ్ల ఆచారం. జైలు కాపలావాడి వేషంలో మాస్టారు వేదిక మీద అడుగుపెట్టగానే ముందు వరుసే ముందు నవ్వింది. ఆట అయ్యాక ఆయనతోనే ఫొటోలు దిగారు.

వారం తిరగకుండా పదమూడో పలక వెలిసింది. విదూషక కళను కాపాడిన యాన్ దూరదృష్టి గురించి పదకొండు వాక్యాలు, పక్కన అతని ఫొటో. నాకు బూతు నోటిదాకా వచ్చింది. ఆ రోజు మళ్లీ ఆట ఉంది, కొత్త పట్టికలో మొదటి పేరు మాస్టారిదే. ఆయన మాత్రం ఆ పలకను రెండుసార్లు శ్రద్ధగా చదివాడు. లోపలికి వెళ్లి కుంచె తెచ్చాడు. అద్దం మీద, సరిగ్గా యాన్ ముక్కు దగ్గర, ఒక్క తెల్లచుక్క పెట్టాడు.

తర్వాత మేకప్ గది వైపు తిరిగి, “ఇక మీరు మొదలుపెట్టండర్రా,” అన్నాడు.