పైడమ్మ నడిమి గది

పైడమ్మ ఇంట్లో నడిమి గది వెళ్లిపోయింది. టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దాటిన పైడమ్మ నేరుగా వరండాలో తేలుతుంది. వెనక్కి వెళ్లి మళ్లీ దాటుతుంది. మళ్లీ వరండాయే. ఆ గదిలో మంచం మీద ఆమె భర్త గౌరీసు నిద్రపోతున్నాడు. గదితో పాటు అతనూ వెళ్లిపోయాడు.

మునిసిపల్ క్వార్టర్స్‌లో ఇది మరీ వింతేమీ కాదు. ఏళ్ల తరబడి చెమ్మ పట్టి, పెచ్చులూడి, అక్కడి గదులన్నీ విసిగిపోయి ఉన్నాయి. పక్కింటివాళ్ల స్నానాలగది పోయిన వేసవిలోనే వెళ్లింది. అందులో బకెట్టు తప్ప ఎవరూ లేరు కాబట్టి ఊరుకున్నారు.

మునిసిపల్ ఇంజనీరు హైమావతి వస్తుంది. రెండు గుమ్మాల మధ్య టేపు పట్టి చూస్తుంది. ఏమీ లేదు. టేపు చుట్టేసి పైడమ్మ పక్కన గట్టు మీద కూర్చుంటుంది.

“క్వార్టర్లన్నీ బాగుచేయడానికి డబ్బు మంజూరైందమ్మా. కాంట్రాక్టరుని మీరే ఎంచుకోండి. మనిషి పోయింది మీ ఇంట్లోంచి కదా.”

మొదటి కాంట్రాక్టరు నిలబడే మాట్లాడతాడు. పాతదానికంటే వెడల్పైన గది కట్టిస్తానంటాడు.

“మరి మా ఆయనో?” అంటుంది పైడమ్మ.

“గదంటే గోడలు, శ్లాబు, గచ్చు. మనిషి అందులోకి రాడమ్మా.”

రెండో కాంట్రాక్టరు నమూనా గదిని వ్యానులో తెస్తాడు. అందులో నమూనా భర్త కూడా ఉన్నాడు. మీసం దువ్వుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

“టీలో పంచదార ఎంతెయ్యమంటావు?” అని అడుగుతుంది పైడమ్మ.

“నీ ఇష్టం.”

“ఈయన కాదు బాబూ. మా ఆయన ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కసారీ అన్లేదు. తీసుకెలిపోండి.”

మూడోవాడు దాలినాయుడు. వచ్చీ రాగానే చెప్పులు బయట విడుస్తాడు. వంటింటి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంటాడు, జ్వరం చూసినట్టు.

“చెమ్మ పట్టిందని ఆఫీసుకి సెప్పినారు. బాగుంది. గదితో ఎవులైనా మాటాడినారా?”

పైడమ్మ తల దించుకుంటుంది. “లేదు నాయినా.”

“అలిగెలిపోయింది. కట్టడానికి నాను రాలేదమ్మా, పిలవడానికొచ్చినాను. మిగతా ఇల్లు బాగుంటే అదే తిరిగొస్తాది.”

పైడమ్మ హైమావతి వైపు చూస్తుంది. హైమావతి తలూపుతుంది.

పని మొదలవుతుంది. దాలినాయుడి మనుషులు గోడల్లోంచి చెమ్మను పొరలు పొరలుగా వలిచి, తడిచీరల్లా పిండి, దండెం మీద ఆరేస్తారు. పగుళ్లను దారంలా లాగి ఉండ చుడతారు. రంగు వేసేముందు ఏది కావాలని గోడనే అడుగుతారు. వరండా లేత పసుపు అడుగుతుంది. వంటిల్లు సిగ్గుపడి, మీ ఇష్టమంటుంది.

పైడమ్మ వాళ్లకి చోడి అంబలి పోస్తుంది, నంజుకోడానికి ఉల్లిపాయ పెడుతుంది. ఖాళీ ముంత చేతికిస్తున్న ప్రతివాడి ముఖం వైపూ చూస్తుంది. ఏదో చెప్పాలని ఉంటుంది. ఇంకో గరిటె పోస్తుంది.

హైమావతి పని చూడడానికి వచ్చిన ఓ మధ్యాహ్నం వీధి చివర కేకలు వినిపిస్తాయి. నడిమి గది వస్తోంది. రైలు గేటు దగ్గర ఆగి, గూడ్సు బండి పోయాక, ఎండలో మెల్లగా నడిచి వస్తోంది. దానికి చోటివ్వడానికి వంటిల్లు వెనక్కి జరుగుతుంది. గది రెండు గుమ్మాల మధ్య కుదురుకుని ఊపిరి వదులుతుంది.

మంచం మీద గౌరీసు కళ్లు తెరుస్తాడు.

“టీ అన్నావు. ఏదే?”

“ఎక్కడికెలిపోనావయ్యా?”

“నానెక్కడికెల్తాను? పడుకున్నాను.”

పైడమ్మ గోడకి చెంప ఆనించి ఏడుస్తుంది. “వచ్చీసినావు తల్లీ. తెచ్చి అప్పజెప్పినావు,” అంటుంది గదితో. తర్వాత దాలినాయుడి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంటుంది. అతని వేళ్ల సందుల్లో సున్నం ఆమె కనురెప్పలకి అంటుతుంది. తుడుచుకోదు.

“నానేటి సేసినానమ్మా,” అంటూ దాలినాయుడు గోడకి చెవి పెడతాడు. అతని ముఖం మారుతుంది. “ఇంజనీరమ్మా, ఓసారిలా రండి. ఇది ఒట్టి గది కాదు.”

మగవాళ్లంతా బయటికి వెళతారు. గౌరీసు కూడా టీ గ్లాసుతో వెళ్లి గట్టు మీద కూర్చుంటాడు. హైమావతి నీళ్లు కాస్తుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు పసుపూ నూనే తెస్తారు. పైడమ్మ గోడ నిమురుతూ, “అయిపోయిందమ్మా, ఇంకొంచెమే,” అంటూ ఉంటుంది.

పొద్దు వాలేవేళకి హైమావతి చేటలో పాతచీర పరిచి, పుట్టినదాన్ని అందులో పడుకోబెట్టి పైడమ్మ ఒళ్లో పెడుతుంది. కొబ్బరికాయంత గది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నాలుగు గోడలూ, చింతగింజంత కిటికీ. తలుపు ఇంకా రాలేదు.

పైడమ్మ దోసిట్లో నీళ్లు తీసుకుని, బీటలివ్వకుండా, మెల్లగా తడుపుతుంది. గౌరీసు వచ్చి ఆమె భుజం మీదుగా వంగి చూస్తాడు.

లోపలి నుంచి ఎవరో, లేని తలుపుని మర్యాదగా తడతారు.