కమిటీకి అనుపు

“అయితే ఉక్రెయిన్ వాళ్లు తప్పు సేసినారంటావేటి?” అన్నాడు గోవిందరావు మూడోసారి.

“వాళ్ల మాట నాకెందుకండీ? నా ముందుగది మాట సెప్పండి,” అంది ఆయన భార్య రాధారాణి, చేపముక్కలకు పసుపు పట్టిస్తూ.

ముందుగది నిండా అమ్మవారి పండగ కమిటీ కుర్చీలు, మైకు పెట్టెలు, చుట్టిపెట్టిన షామియానా. రైల్వే వర్క్‌షాపులో రిటైరయిన దగ్గర్నుంచీ ఆ కమిటీకి గోవిందరావే ప్రెసిడెంటు. పండగ కాగానే కమిటీ గడువు తీరుతుంది, గది ఖాళీ చేస్తానని తన కోడలు ఇందూకి మాటిచ్చాడు. అది నమ్మి ఆమె ఆ గదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతానని న్యూ సెటిల్‌మెంటు కాలనీ అంతా చెప్పుకుంది. పండగైతే అయింది కానీ, ఈలోగా, యుద్ధంలో ఎన్నికలు పెట్టలేక ఉక్రెయిన్ పార్లమెంటు గడువు పొడిగించారని ఆయన పేపర్లో చదివాడు. మర్నాడే, మన సరిహద్దులోనూ పరిస్థితి బాగాలేదంటూ కమిటీ గడువు తానే పొడిగించేశాడు. ముగ్గురు సభ్యులు చప్పట్లు కొట్టారు. ముగ్గురూ రాధారాణి పెట్టిన టీ తాగుతూ, సమోసాల్లాంటి సింగాడాలు తింటున్నవాళ్లే.

“అక్కడ ఇళ్ల మీద బాంబులు పడతన్నాయి మామయ్యా,” అంది ఇందు. “మన దగ్గిర ఏటి పడతన్నాయి?”

“సింగాడా ముక్కలు,” అంది మంచం మీంచి గోవిందరావు తల్లి అప్పలకొండ. “ఊడ్సలేక నా కోడలు సస్తంది.”

ఇందు భర్త హరిబాబు నవ్వు కనబడకుండా గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

“దేశం కష్టంలో ఉన్నప్పుడు నాయకుణ్ణి మార్చకూడదు. మొన్న యుద్ధమొస్తదేమోనని మైకులో లైట్లార్పమని సెప్పింది నాను కాదేటి?”

“పట్టపగలు,” అంది రాధారాణి.

“ఎన్నిక పెట్టినా గెలిచేది నానే!”

“మరి పెట్టండి.”

ఆయన పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు.

“ఒరే గోవిందూ,” అంది అప్పలకొండ. “ఆ అమ్మోరికే రోజులయిపోతే, ఘటమెత్తి, పసుపునీళ్లు సల్లి, అనుపు సేసి పంపేస్తాం. నువ్వు ఆ తల్లికంటే పెద్దోడివేట్రా?”

గోవిందరావు ఉక్రెయిన్ వార్త కోసం పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. అందులో అమ్మవారి సంగతి ఎవరూ రాయలేదు.

రాధారాణి చేతులు కడుక్కుని గుమ్మంలోకి వచ్చింది. గొంతు పెంచలేదు.

“గురువారం ఈ ఇంట్లో కమిటీకి అనుపు. ఠేలాబండి మాట్లాడేసినాను. కుర్చీలన్నీ గుడి వరండాకి ఎల్లిపోతాయి. పసుపునీళ్లు నానే సల్లుతాను. ప్రెసిడెంటుగారు కుర్చీలతో ఎల్తారో, ఇంట్లో ఉంటారో ఆయనిష్టం. ఇందూ, పిల్లల్ని శుక్రవారం రమ్మను.”