దవడ మరక

మ్యూజియంలో రాళ్లు గీకి, లోపలి శిలాజాలను బయటపెట్టే పని నాది. గీకిన రాళ్లను చూసి ఆనాటి జీవాల బొమ్మలు చేసే పని మా అక్కది. నాకు గీకడం నేర్పిందీ అక్కే. "పన్ను చూసి మురిసిపోకే. చుట్టూ మరకుందేమో చూడు. పన్ను ఎక్కడికీ పోదు, మరక పోతే మళ్లీ రాదు" అనేది.

ఒకసారి గనిలోంచి వచ్చిన ఒక రాయిలో హెలికోప్రియన్ పళ్లున్నాయి. కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో మెత్తటి ఒంటి జీవాలను వేటాడి బతికిన చేప అది. సొరచేపలా పాత పళ్లను రాల్చుకోదు, వాటిని కొలత టేపులా లోపలికి చుట్టుకుంటుంది. ఎముకలన్నీ మెత్తనివే కాబట్టి చచ్చాక ఆ పళ్లచుట్ట తప్ప దాదాపు ఏదీ మిగలదు. ఈ రాయిని తడిపి, పక్కనుంచి దీపం పెడితే మాత్రం చుట్టకు రెండు వైపులా బూడిదరంగు మరక కనిపించింది. అది దవడ వదిలిన గుర్తు. చుట్ట నోటి లోపలే ఉండేదని దానితో తేలిపోయింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

ఆ మరక చూసి అక్క మొహం వాడిపోయింది. ఆమె చేసిన చేప బొమ్మ అప్పటికే హాలు పొడవునా వేలాడుతోంది. దాని పళ్లచుట్ట గడ్డం బయటికి పొడుచుకొచ్చి ఉంది. ప్రదర్శన దగ్గరపడింది.

"అయితే విరగ్గొట్టమంటావా?" అంది.

"తప్పదు కదక్కా."

మర్నాడు జ్వరమొచ్చి, రాయిని అక్కకే అప్పగించి ఇంటికెళ్లాను.

తిరిగొచ్చేసరికి పళ్లు తళతళలాడుతున్నాయి. రాయిని తడిపాను, దీపం ఇటు పెట్టాను, అటు పెట్టాను. మరక ఉన్నచోట రాయి నున్నగా ఉంది.

"పళ్లు బాగా కనబడాలని శుభ్రం చేశాను. మరకేంటి? జ్వరంలో నీకేదో అనిపించుంటుంది" అంది అక్క.

"నువ్వూ చూశావు కదక్కా."

"నేనేం చూళ్లేదు."

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను? తెలియక చేసినా సరిపెట్టుకునేదాన్ని. మరకను చూడడం నేర్పిన మనిషే, తెలిసి తెలిసి, తన బొమ్మ కోసం దాన్ని గీకేసింది. పైగా నా కళ్లదే తప్పంటోంది.

ప్రదర్శన రోజున అక్క చేప కింద నిలబడి అందరికీ వివరిస్తోంది. ఒకావిడ, "పళ్లు బయటే ఉండేవని ఎలా తెలుసండీ?" అని అడిగింది.

"దవడ మెత్తటి ఎముక కదండీ, మిగల్లేదు. మేమే ఊహించుకోవాలి. కావాలంటే మా చెల్లినడగండి" అంటూ అక్క నవ్వి నావైపు చూసింది.

చిన్నప్పటినుంచీ ఆ చూపుకు నేను అవుననడమే తప్ప కాదన్నది లేదు.

"మిగిలిందండీ" అన్నాను. "మా అక్క గీకేసింది."