గోరువెచ్చని నీళ్ళు

కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ వర్క్‌షాప్‌లో ఆమెను అందరూ అచ్చులక్క అనేవారు. కాలు పోయినవాళ్ళ మోకాలి కింద మిగిలిన భాగానికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీయడం ఆమె పని. అచ్చు సరిగ్గా వస్తేనే ఆ కాలు ఇమిడే తొడుగు సరిగ్గా వస్తుంది. తొడుగు సరిగ్గా అమిరితేనే మనిషి నిలబడతాడు. "ఇక్కడ మేమంతా ఒకరి కాళ్ళ మీద బతికేవాళ్ళమే" అని పట్టీలు కుట్టే ముసలాయన వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి, వాళ్ళు నవ్వినా నవ్వకపోయినా తను మాత్రం నవ్వుకునేవాడు.

ఆమె భర్త పోయి మూడేళ్ళు దాటింది. ఆయన టైలరు. చర్చిలో పెద్ద కూడా. ఆదివారం అందరికంటే ముందు వెళ్ళి బెంచీలు తుడిచేవాడు. ఆయన పోయాక కూడా ఆమె చర్చి మానలేదు. ఎప్పటి బెంచీలోనే కూర్చునేది, పాటకు లేచేది, ప్రార్థనకు తల వంచేది. తల వంచాక మాత్రం లోపల ఒక్క మాటా పుట్టేది కాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పాస్టరుగారు ఇంటికొచ్చి ఓదారుస్తారు. ఎవరైనా ఓదారిస్తే ఆమెకు ఏడుపుకు బదులు చిరాకు వచ్చేది.

ప్రార్థన రాకపోవడానికి కారణం ఒక మాట. భర్తకు జబ్బు ముదిరినప్పుడు, ఇక చేయగలిగింది ఏమీ లేదని డాక్టర్లు చెప్పారు. ఆమె ఆయన్ని ఇంటికి తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసుకుంది. ఆయన తమ్ముడు దానికి ఒప్పుకోలేదు. ఇంకా పెద్ద ఆసుపత్రికి తీసుకుపోదామని గొడవపడ్డాడు. చివరికి సమాధి దగ్గర, మట్టి ఇంకా తడిగా ఉండగానే, పదిమందీ వింటుండగా అనేశాడు.

"మా అన్నని జబ్బు చంపలేదు వదినా. నీ ప్రార్థన చంపింది."

ఆమె కాపురానికి వచ్చేనాటికి ఆ మరిది బడికెళ్ళే పిల్లాడు. తల్లి లేనివాడు. ఆమె చేతి ముద్ద తిని పెరిగాడు. పరాయివాడు అని ఉంటే ఆ మాటను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేదేమో. సమాధి దగ్గరి నుంచి అతను అటే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రాకపోకలు లేవు.

అలాంటిది ఒకరోజు పొద్దున్నే చంకకర్రల మీద వర్క్‌షాప్ గుమ్మంలో నిలబడ్డాడు. పక్కన అతని భార్య. మరిది ఇళ్ళకు రంగులు వేసే మేస్త్రీ. ఎక్కడో కొత్త ఇంట్లో పనిచేస్తుంటే మేకు గుచ్చుకుంది. ఒంట్లో షుగరు ఉన్నా అశ్రద్ధ చేశాడు. పుండు కుళ్ళి, కుడికాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఆ కబురు ఆమెకు ముందే తెలుసు. చూడటానికని ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి, లోపలికి అడుగు పడక వెనక్కి వచ్చేసింది.

అతను ఆమెను చూసి ముఖం తిప్పుకుని సూపర్‌వైజర్‌ని అడిగాడు. "అచ్చు తీయడానికి ఇంకెవరూ లేరా?"

"ఈవిడొక్కతే బాబూ. వద్దంటే ఆ కర్రలతోనే కాపురం చేసుకోవాలి."

మరిది వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె అతని ముందు చిన్న పీట వేసుకుంది.

"ప్యాంటు పైకి మడవండి. కాలు చాపండి."

"మడవండి" అన్న ఆ పరాయి మర్యాదకు అతని భార్య తలెత్తి చూసింది. అతను నేల చూశాడు.

ఆమె తడిగుడ్డతో మిగిలిన కాలు తుడిచింది. పల్చటి మేజోడు తొడిగి, ఎముక పైకి తేలిన చోటల్లా నీలం పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ప్లాస్టర్ కట్టును నీళ్ళలో ముంచి చుట్టడం మొదలుపెట్టగానే అతను ఉలిక్కిపడ్డాడు.

"చల్లగా ఉన్నాయి."

"కాసేపే. కదలకండి."

ఎవరొచ్చినా ఆమె ముందు నీళ్ళు వేడి పెట్టేది. మోచేయి ముంచి చూసి, గోరువెచ్చగా ఉన్నాయని తెలిశాకే కట్టు తడిపేది. ఆ రోజు పంపు కింద గిన్నె పెట్టి పట్టిన నీళ్ళతోనే కానిచ్చేసింది. ఎంత తొందరగా అయితే అంత తొందరగా అతను కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోవాలి. అంతే.

వారం తిరక్కుండా తొడుగు తయారైంది. కాలు బిగించి, నడక నేర్పే రెండు ఇనుప కమ్మీల మధ్య అతన్ని నిలబెట్టారు. ఒక్క అడుగు వేశాడో లేదో "అమ్మా" అని అరిచి కమ్మీ మీదికి ఒరిగిపోయాడు. తొడుగు లాగి చూస్తే మోకాలి పక్కన, ఎముక తేలిన చోట, చర్మం ఎర్రగా కమిలిపోయి ఉంది.

"కావాలనే చేశావు కదూ!" అన్నాడు పళ్ళు బిగించి. "నా మీద కసి ఇలా తీర్చుకున్నావు."

"మొండి కాలు ఎప్పటికైనా దారికొస్తుంది. మొండి మనిషే రాడు" అని పట్టీల ముసలాయన అవతల నుంచి గొణిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆమె తొడుగు తీసుకుని వెనకగదిలోకి వెళ్ళింది. అచ్చులో పోసి గట్టిపరిచిన ప్లాస్టర్ దిమ్మ ఇంకా బల్ల మీదే ఉంది. ఎముక తేలిన చోట ఆ దిమ్మ మీద మరికాస్త ప్లాస్టర్ అద్దాలి. అప్పుడే తొడుగులో అక్కడ కొంచెం ఖాళీ వస్తుంది. మేజోడు నుంచి అచ్చుకు అంటి దిగిన పెన్సిలు గుర్తు దిమ్మ మీద నీలంగా కనిపిస్తూనే ఉంది. ఆమె అక్కడ అద్దలేదు. ఇన్నేళ్ళ పనిలో ఎప్పుడూ మర్చిపోనిది ఆ ఒక్క కాలికే మర్చిపోయింది.

కావాలని చేయలేదు. అది ఆమెకు తెలుసు. కానీ పూర్తిగా కాదని ఒట్టు వేయమంటే వేయగలదా? చాలాసేపు ఆ నీలం గుర్తు మీద వేలు ఉంచి నిలబడింది. తర్వాత బయటికి వచ్చి, అందరూ వింటుండగానే చెప్పింది.

"తప్పు నాదే. కావాలని చేయలేదు గానీ, శ్రద్ధగా కూడా చేయలేదు. రేపు రా. మళ్ళీ మొదట్నుంచీ తీస్తాను."

పోట్లాటకు సిద్ధమైన మరిదికి అవతలివాళ్ళు తప్పు ఒప్పేసుకుంటే ఏం చేయాలో తోచలేదు. అతని భార్య మాత్రం "రేపు తప్పకుండా తీసుకొస్తానక్కా" అంది.

మర్నాడు ఆమె ముందుగానే వచ్చి నీళ్ళు పెట్టింది. బేసిన్‌లో పోసి, మోచేయి ముంచి చూసి, కొంచెం చన్నీళ్ళు కలిపింది. తువ్వాలు భుజాన వేసుకుని అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కమిలిన చోట నొప్పి తగలకుండా మెల్లగా కాలు కడిగి అద్దుతుంటే, అతను ఉన్నట్టుండి అన్నాడు.

"అన్న ఇలాగే వేసుకునేవాడు తువ్వాలు."

ఆమె చేయి ఆగింది.

"గుడ్ ఫ్రైడేకి ముందురోజు. పాస్టరుగారు అందరి కాళ్ళూ కడుగుతుంటే అన్న ఆయన వెనకే బేసిన్ పట్టుకుని తిరిగేవాడు. ఒకసారి నా వంతు వచ్చేసరికి అరికాల్లో చక్కిలిగింత పెట్టాడు. నేను కిసుక్కుమని నవ్వేశాను. పాస్టరుగారు నావైపు ఒక చూపు చూశారు చూడు! అన్న మాత్రం ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు."

అతను నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే చేతిలో ఉన్న తువ్వాలు వంక, ముందున్న బేసిన్ వంక చూసుకుంది. ఇన్నేళ్ళుగా రోజూ ఇదే పని. రోజూ ఇలాగే మోకాళ్ళ మీద కూర్చోవడం, ఎవరిదో కాలు ఒళ్ళో పెట్టుకోవడం. చివరి భోజనం రాత్రి ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడుగుతూ చేసిన పనే ఇది. చర్చిలో వింటే మాత్రం అదెక్కడో, ఎప్పుడో జరిగినట్టుండేది. ఆ రాత్రే బయటికెళ్ళి తనను శత్రువులకు పట్టివ్వబోయే శిష్యుడి కాళ్ళు కూడా ఆయన కడిగాడు. వాడి వంతు వచ్చినప్పుడు తొందరపడ్డాడా? చన్నీళ్ళతో కానిచ్చేశాడా?

ఆమె కట్టు ముంచి చుట్టడం మొదలుపెట్టింది.

"అప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి పోదామన్నది ఎవరు వదినా? నువ్వా?" అని అడిగాడు మరిది. గొంతులో పాత పదును లేదు.

"మీ అన్నే."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పనిచ్చావా?"

ఆమె బొటనవేళ్ళు మోకాలిచిప్ప కింద మెత్తని చోట నొక్కి పట్టుకుంది. ప్లాస్టర్ గట్టిపడేదాకా అలా పట్టుకునే ఉండాలి. ఇద్దరూ కదలడానికి వీల్లేదు.

"నువ్వామాట అన్నాక నాకు ప్రార్థన రాలేదురా" అంది ఆమె తలెత్తకుండా. "చర్చికి వెళ్తాను. కూర్చుంటాను. దుకాణం తెరిచే ఉంది, లోపల సరుకే లేదు."

అతను చేతి వెనకతో కళ్ళు తుడుచుకున్నాడు. "కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు రెండూ జారాయి వదినా."

"కాలు నేను పెడతాలే" అంది ఆమె. "ముందు కదలకుండా కూర్చో. అచ్చు పాడైతే మళ్ళీ నామీదే పడతావు."

అతను ఏడుస్తూనే నవ్వాడు. ఏడ్చినా నవ్వినా కాలు మాత్రం కదల్చలేదు. ఆమె వేళ్ళ కింద ప్లాస్టర్ వెచ్చబడుతూ బిగుసుకుంది. ఆ వెచ్చదనంలోనే ఆమెకు లోపల ఒక మాట దొరికింది. పెద్ద మాటేం కాదు. "ప్రభువా, వీణ్ణి నడిపించు." అంతే. ఇంకా ఏమైనా వస్తుందేమోనని చూసింది, రాలేదు. అదే మళ్ళీ ఒకసారి అనుకుంది.

ఈసారి తొడుగు అమిరింది. కమ్మీల మధ్య అతను అడుగు వేస్తుంటే, ఆమె ఎదురుగా నిలబడి, చంటిపిల్లకు నడక నేర్పే తల్లిలా ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ వచ్చింది. "కిందికి చూడకు. నన్ను చూడు." చివరికంటా వచ్చాక అతను చెమటతో తడిసిపోయి, "ఇదేనా? ఇంకా చాలా కష్టమనుకున్నాను" అని గొప్పలకు పోయాడు. అతని భార్య గోడకు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అంతా ఒక్కరోజులో చక్కబడలేదు. నిచ్చెనలెక్కే పనికి అతను మళ్ళీ పోలేకపోయాడు. కింద నిలబడి పనివాళ్ళకు పని పురమాయించడం అలవాటు చేసుకోవడానికి చాలాకాలం పట్టింది. చర్చికి కొన్ని ఆదివారాలు వచ్చాడు, కొన్ని రాలేదు. దేవుడి మీద తనకింకా లెక్క తేలలేదన్నాడు. ఆమె వాదించలేదు. ఆమెకు మాత్రం ప్రార్థన అలా చిన్న చిన్న మాటలుగానే వచ్చేది, అదీ ఎక్కువగా బేసిన్ దగ్గరే. ఒక్కో కాలు చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ మనిషి కోసం ఒక్క మాట.

కొన్నాళ్ళకు మరిది పట్టీ వదులైందని వర్క్‌షాప్‌కు వచ్చాడు. స్టూలు మీద కొత్తగా కాలు పోయిన ఒకాయన బిగుసుకుపోయి కూర్చున్నాడు. మరిది అతని పక్కన చతికిలబడి, ప్యాంటు పైకి మడిచి తన కాలు చూపించాడు.

"భయపడకండి సార్. ఈవిడ చేయి మంచిది. నోరు మాత్రం కాస్త జాగ్రత్త."

"నీ నోటికంటేనా?" అంటూ ఆమె నీళ్ళలో మోచేయి ముంచి చూసింది.