లేత గులాబీ

నీళ్లాయన గాజుగొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, పొట్లం చింపి పొడి వేసి, మూత బొటనవేలితో నొక్కిపట్టి ఊపాడు. పార్కు పంపుగది గుమ్మంలోకి వచ్చి వెలుతురుకు ఎత్తి చూశాడు. నీళ్లలో క్రిములను చంపే మందు సరిపడా ఉంటే గొట్టం లేత గులాబీ రంగుకు తిరగాలి. అతనికి కనిపించింది ఎప్పటిలాగే ఏదో పసుపు మసక. గొట్టం కడిగి బోర్లించి, రిజిస్టరులో మందు మోతాదు 0.5 అని రాశాడు. పైన నిన్నటి 0.5, మొన్నటి 0.5. అక్కడక్కడా 0.6 కూడా ఉంది. అన్నీ ఒకేలా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుందని మధ్యమధ్య తనే మార్చి రాసినవి.

పార్కు చిన్నది. ఒక బోరు, ఒక ట్యాంకు, మూడు కుళాయిలు. ఇరవై రెండేళ్లుగా ఆ నీళ్లకు అతనే పూచీ. పొట్టి మనిషి, కాస్త వంగిన వీపు, నీళ్లమందు తగిలి తగిలి తెల్లబడిన వేలికొసలు, మోకాళ్ల దగ్గర మచ్చలుగా వెలిసిన ప్యాంటు. నడకకు వచ్చేవాళ్లు "మీ నీళ్లు తాగితే గానీ తెల్లారినట్టుండదండీ" అనేవారు. ఒకప్పుడు ఆ మాటకు ఛాతీ పొంగేది. ఈ మధ్య తల దించుకుని చీపురు అందుకునేవాడు.

కళ్లలో పొర మొదలై రెండేళ్లయింది. ఒకరోజు భార్యను "ఈ దుప్పటి తెల్లదా, గులాబీదా?" అని అడిగాడు.

"పదేళ్లుగా కప్పుకుంటూ ఇప్పుడడుగుతున్నారా? పెళ్లాం ఏ రంగో అయినా గుర్తుందా?" అని ఆమె పకపకా నవ్వింది. అతనూ నవ్వి ఊరుకున్నాడు.

చెబితే ఉద్యోగం పోదు. మొక్కల పనికి మారుస్తారు, అంతే. అది అతనికీ తెలుసు. అయినా చెప్పలేదు. నీళ్లాయన అనే పిలుపు పోతుందని చెప్పలేదు.

పదింటికి ల్యాబు నుంచి అమ్మాయి వచ్చింది. నెలకోసారి వచ్చే పిల్ల, ఇవాళ పరుగున వచ్చింది.

"సార్, కుళాయిలన్నీ కట్టేయండి. సోమవారం పట్టుకెళ్లిన నీళ్లలో క్రిములున్నాయి."

తనే గొట్టంలో నీళ్లు పట్టి పొడి వేసి ఊపింది. "చూడండి, రంగే రాలేదు." అతను చూసినట్టు తలాడించాడు. ఆమె మందు డ్రమ్ము మూత తీసి వాసన చూసింది. "ఎండకి చచ్చిపోయింది సార్. మోటారు తిరుగుతోంది, డ్రమ్ములో మట్టం దిగుతోంది. మందులో బలం మాత్రం లేదు."

తర్వాత రిజిస్టరు తీసింది. ఆ ఉదయం అంకె మీద ఆమె వేలు ఆగింది. అతని ముఖంలోకి చూసి, మెల్లగా పుస్తకం మూసింది.

"పొడి పాతదేమోలెండి. మందు బలం తగ్గిందని రాస్తాను. మీ జోలికి ఎవరూ రారు."

కూతురి వయసు పిల్ల తన పరువు కాపాడుతోంది. "సరేనమ్మా" అన్నాడు. అన్నాక నోరంతా చేదయింది.

మూడు కుళాయిలకూ అట్టముక్కలు కట్టాడు. "తాగరాదు" అని పెద్ద అక్షరాలతో రాశాడు.

సాయంత్రం ఎదురు వీధి ముసలి టైలరు వచ్చాడు. చేతిలో అయిదు లీటర్ల క్యాను.

"ఏంటయ్యా, బంద్ పెట్టారు?"

"నీళ్లు బాగాలేవండీ. తాగకండి."

టైలరు కదల్లేదు. "మా ఆవిడకి నాలుగు రోజులుగా విరేచనాలు. ఏ గడ్డి తిన్నావే అని తిట్టాను కూడా. ఈ నీళ్లలోనే ఉప్పూ పంచదారా కలిపి పడుతున్నాను." క్యాను చేయి మార్చుకుని అడిగాడు. "ఎన్నాళ్ల నుంచి బాగాలేవు?"

మందు బలం తగ్గింది అన్న మాట నాలుక చివరే ఉంది.

"తెలీదండీ. నాకు రంగు కనబడదు. రెండేళ్లుగా అంకెలు ఊహించి రాస్తున్నాను."

టైలరు తిట్టలేదు. "సూదిలో దారం ఎక్కనినాడు నేను కొట్టు మూసేశానయ్యా" అన్నాడు. "నేను కుట్టినవి ఉత్తి బట్టలే."

"అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్దాం, నేనూ వస్తానండీ."

వద్దన్నట్టు చెయ్యి ఊపి, క్యాను కింద పెట్టేసి, ఆ ముసలాయన ఇంటివైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

నీళ్లాయన లోపలికి వెళ్లి ఉదయం అంకె కింద రాశాడు: "రెండేళ్లుగా ఇవి పరీక్ష చేసి వేసిన అంకెలు కావు. నాకు రంగు కనబడదు. ఎవరికీ చెప్పలేదు." సంతకం పెట్టి ల్యాబమ్మాయికి ఫోను చేసి అదంతా చదివి వినిపించాడు.

"ఈ నీళ్లు ఇళ్లకి ఎవరెవరు పట్టుకెళ్తారో తెలుసా సార్?" అని అడిగిందామె.

పదకొండు ఇళ్లు. చీకటి పడేలోగా గుమ్మం గుమ్మానికీ తనే వెళ్లి చెప్పాడు. ఒకావిడ ముఖాన తలుపేసింది. ఒకాయన ఇంకా విషయం వినకుండానే కూర్చోమని కుర్చీ వేశాడు. అక్కడే ఎక్కువ సిగ్గేసింది. తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చేసి ఇంటికి నడిచాడు. మళ్లీ ఆ పార్కుకు రాలేదు. వారానికి టైలరు భార్య కోలుకుని ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిందని తెలిసింది. వెళ్లి పలకరించడానికి అతనికి ముఖం చెల్లలేదు.

కుళాయి దగ్గర టైలరు వదిలేసిన క్యానును ఎవరూ తీసుకెళ్లలేదు. మూత ఎక్కడో పడిపోకుండా దాన్ని పిడికి గుడ్డతాడుతో కట్టి ఉంది. కొట్టు మూయకముందు కుట్టిన తాడు కాబోలు, దగ్గర దగ్గరగా, ఒక్కటీ వంకర పోని కుట్లతో.