సారు రాసిచ్చిన నాన్న

"రండి భయ్యా, రండి! సముద్రంలో ఉప్పు ఖతం! రేపట్నుంచి చప్పిడి చేపలే!"

మిడిల్ పాయింట్ సెంటర్లో గవరయ్య పేపరు కట్ట విప్పుతూ అరిచాడు. విమానం దిగితే గాని అండమాన్‌లోని ఈ ఊరికి దేశం పేపర్లు రావు. పొద్దుటి వార్త మధ్యాహ్నం భోజనాలయ్యాక అందుతుంది. సగం చల్లారిన వార్తను అలాగే అమ్మితే ఎవడు కొంటాడని, దానికి తన సొంత మసాలా కాస్త తగిలించి అమ్మడం గవరయ్యకు మొదటి నుంచీ అలవాటు. మనిషి పొట్టి. మెడ ఉందో లేదో వెతుక్కోవాలి. ముందు పన్ను ఒకటి ఊడిన సందులోంచి నవ్వేటప్పుడు ఈల వస్తుంది. కుడి బొటనవేలు ఏ సబ్బుకూ లొంగని నలుపు.

"ఒరే గవరా, ఉప్పు వార్త ఏ పేజీలో ఉందిరా?" ఎదురుగా ఇనప సామాన్ల కొట్లోంచి గణేశ్వరరావు అడిగాడు.

"రేపటి పేపర్లో వస్తాది బాబూ. నీకని ముందే సెప్పీసినాను!"

కొట్లో అందరూ నవ్వారు. ఇప్పుడు వార్తలన్నీ ఫోనులోనే వస్తాయి గనుక పేపరు కొనేది నలుగురైదుగురే. మిగతావాళ్ళు గవరయ్య మాటల కోసం ఆగి, ఊరికే పోవడం బాగుండక ఒకటి కొంటారు.

అప్పుడొచ్చింది హిమబిందు. అన్న యర్రయ్య కూతురు. నర్సు చదువు పూర్తి చేసింది. విదేశంలో పని దొరకాలంటే ముందు ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్ష చెన్నైలో. ఈ సాయంత్రమే ఓడ.

"చిన్నాన్నా, ఒక్కపాలి నువ్వు ఎగ్జామినర్‌వి అవ్వు. నేను సెప్తాను, నువ్వు ఇను."

"అవ్వడమేటే, పుట్టడమే అలా పుట్టినాను" అని గవరయ్య గణేశ్వరరావు కళ్ళజోడు లాక్కొని పెట్టుకున్నాడు. స్టూలు మీద కాలు మీద కాలేసుకుని, గొంతు బొంగురు చేసి, "ఎస్, మేడం!" అన్నాడు.

వార్తలు మీ ఇంట్లో ఎవరు, ఎలా తెలుసుకుంటారు? అదీ ప్రశ్న. హిమబిందు కళ్ళు మూసుకుని కోచింగు సారు రాసిచ్చిన జవాబు గడగడా అప్పజెప్పింది. "మై ఫాదర్ రీడ్స్ న్యూస్‌పేపర్ ఎవ్రీ మార్నింగ్, విత్ ఎ కప్ ఆఫ్ కాఫీ…"

"ఆగాగు! పొద్దున్నే పేపరా? ఈ ఊర్లోనా? ఇమానం మీ నాన్న కోసం అర్ధరాత్రి దిగీసిందేటి?"

"చెన్నైలో కూకున్నోళ్ళకి అది ఎలా తెలుస్తాది చిన్నాన్నా?" అని ఆమె నవ్వింది. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "నాన్న లేడని సెప్పీనా అని సారుని అడిగినాను. అది సెప్తే ఏడుపొస్తాది, నోరు ఆగిపోతాది, మార్కులు పోతాయి అన్నారు. నిజమే. నాకు నాన్న గురించి ఏటీ తెల్దు కదా, లేడన్న ముక్క ఒక్కటే తెలుసు. ఇంకొక్క ముక్క ఏదైనా ఉంటే, దాన్ని పట్టుకుని ఏడవకుండా మాటాడీగల్ను. మజాక్ కాదు, సచ్ సెప్పు. నాన్న వార్తలు ఎలా ఇనేవోడు?"

గవరయ్య కళ్ళజోడు తీశాడు. నోరు తెరిచాడు.

"మీ నాన్నా? పేపరంతా శుబ్బరంగా మడిచి చేపల పులుసు గిన్ని కింద ఎట్టీవోడు. ఆయన సదువు అదే!"

కొట్లో మళ్ళీ నవ్వులు. హిమబిందు కూడా నవ్వింది, కానీ చివరిదాకా నవ్వలేదు. "ఎప్పుడడిగినా ఇంతే నువ్వు. మొసలితో కుస్తీ పట్టినాడంటావు, కొబ్బరి చెట్టెక్కి నిద్దరోయినాడంటావు. సర్లే, అమ్మ ఎదురు చూస్తంటాది" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత గవరయ్య అరవలేదు. అరవకపోయేసరికి పేపర్లూ కదల్లేదు.

యర్రయ్యకు అక్షరం ముక్క రాదు. కార్ నికోబార్ దీవిలో జెట్టీ పనికి వడ్రంగి. నెలల తరబడి అక్కడే ఉండి, సెలవుకు ఈ ఊళ్ళో షాదీపూర్ పేటలోని ఇంటికొస్తే రేడియో ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. దేశం ఏమైపోయినా అతనికి పట్టేది కాదు. వార్తల చివర ఏ ఓడ ఏ దీవికి ఎప్పుడు బయలుదేరుతుందో చదివేవారు, అది మాత్రమే కావాలి. తన ఓడ పేరు రాబోతోందనగానే అరచేయి తెచ్చి రేడియో మూతి మీద గట్టిగా అదిమేవాడు, వంటింట్లో ఉన్న అప్పలకొండమ్మకు మొగుడు వెళ్ళే రోజు వినపడకూడదని. మూడేళ్ళ హిమబిందు అది చూసి నేర్చుకుంది. రేడియోలో ఓడ అన్న మాట వస్తే చాలు, పరుగున వచ్చి తండ్రి చేతి మీద తన చెయ్యీ వేసి అదిమేది. మూసినా ఓడ ఆగుతుందా? ఆ డిసెంబరులోనూ ఇద్దరూ కలిసి మూశారు. యర్రయ్య వెళ్ళాడు. తర్వాతి ఆదివారం పొద్దున భూమి ఊగింది, సముద్రం లేచింది.

అక్కడి నుంచి వచ్చిన ప్రతి ఓడకూ గవరయ్య రేవుకు పోయి నిలబడ్డాడు. ఖాళీగా ఇంటికొచ్చిన ఒక సాయంత్రం పిల్ల అడిగింది, నాన్నేడని. "మీ నాన్న చేపలకి మేడలు కడతన్నాడే. డాబా మీద డాబా అడుగుతున్నాయంట దొంగముండలు, అందుకే ఆలీసం" అన్నాడు. పిల్ల కిలకిలా నవ్వింది. అన్నం ముట్టని అప్పలకొండమ్మ ఆ నవ్వు విని లేచి వచ్చి పిల్లకు ముద్దలు పెట్టి, తనూ రెండు తిన్నది. ఆ రోజు నుంచి గవరయ్య రోజుకో వేళాకోళం మోసుకొచ్చేవాడు. మందన్నాక జ్వరం తగ్గగానే ఆపాలి. ఎప్పుడు ఆపాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం స్కూటరు మీద హిమబిందును హాడో రేవుకు తీసుకెళ్ళాడు. అప్పలకొండమ్మ గుమ్మం దాకానే వచ్చింది. ఆ ఏడాది నుంచి ఆమె రేవు ముఖం చూడలేదు. దారి పొడుగునా గవరయ్య మాట కూడగట్టుకుంటూనే ఉన్నాడు. ఘాటీ మిట్ట ఎక్కేటప్పుడు చెబుదామనుకున్నాడు, బండి మొరాయించింది. దిగేటప్పుడు అనుకున్నాడు, వెనక నుంచి బస్సు హారను కొట్టింది.

గేటు దగ్గర టికెట్టు లేనివాళ్ళను ఆపేశారు. హిమబిందు బ్యాగు భుజానికెత్తుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఏటైనా సెప్తావా చిన్నాన్నా?"

"సెప్తాను."

"ఏటి?"

ఆమె కళ్ళు అచ్చం అన్న కళ్ళే. గవరయ్య నోరు తెరిచేసరికి నాలుక తన పాత దారినే పోయింది. "చెన్నైలో ఎవుడైనా అడిగితే మా చిన్నాన్న అండమాన్ కలెక్టరని సెప్పు. టీకి డబ్బులడగరు."

ఆమె నవ్వి, అతని చొక్కా గుండీ సరిచేసింది.

"పోన్లే చిన్నాన్నా. సారు రాసిచ్చిన నాన్నే బాగున్నాడు. పేపరు సదువుతాడు, కాఫీ తాగుతాడు. ఎక్కడికీ ఎళ్ళడు."

జనంలో కలిసిపోయింది. ఓడ కూత వేసింది. తాళ్ళు విప్పారు. గట్టుకూ ఓడకూ మధ్య చారెడు నీళ్ళు, తర్వాత చెరువంత నీళ్ళు.

అప్పుడొచ్చింది గవరయ్యకు మాట. మీ నాన్నతో పాటు నువ్వూ రేడియోకి చెయ్యి అడ్డం పెట్టేదానివే అమ్మా. అంతే, అంత చిన్న ముక్క. ఫోను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అందుబాటులో లేరని ఎవరో ఆడమనిషి హిందీలో మర్యాదగా చెబుతూనే ఉంది. మూడు రోజుల ప్రయాణం. దిగిన మర్నాడే పరీక్ష. దిగాక చెప్పవచ్చు. కానీ దిగాక తన నోరు ఏం మాట్లాడుతుందో అతనికి బాగా తెలుసు.

ఓడ దీపాలు మలుపు దాటాయి. గవరయ్య స్కూటరు దగ్గరికి వచ్చాడు. సముద్రం మీద కడుపులో తిప్పితే వాసన చూసుకోమని అప్పలకొండమ్మ కూతురి చేతిలో పెట్టిన నిమ్మకాయ, బండి మీద కాళ్ళు పెట్టుకునే చోట అమ్ముడుపోని పేపర్ల మీద పచ్చగా, ఒకవైపు గోటి నొక్కుతో, అలాగే ఉంది.