మట్టాలాయన వెనకడుగులు

మట్టాలాయన ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగం నడక. అడవిలో మూడు రిజర్వాయర్లున్నాయి. వాటిని అందరూ పెద్దది, నడిపిది, చిన్నది అంటారు. ఆయన రోజూ పొద్దున్నే పెద్దదాని దగ్గర బయలుదేరేవాడు. నీళ్ళను ఎడమచేతి వైపు ఉంచుకుని మూడింటినీ చుట్టి, నీళ్ళలో నిలబెట్టిన కొలత పలకలు చూసి, నీటి మట్టాలు పుస్తకంలో రాసుకుని, చిన్నదాని గట్టు మీదుగా క్వార్టర్స్‌కి చేరేవాడు. ముప్పై ఏళ్ళు పలక చూసి రాసినా ఒకటో తరగతి దాటలేదని భార్య దెప్పుతూ ఉండేది.

ఆయన రిటైరయ్యాక ఆ పని యంత్రాలకు అప్పగించి అడవి గేటుకి తాళం వేశారు. దంపతులు ఊళ్ళో మూడో అంతస్తులో అద్దెకు దిగారు. రెండేళ్ళుగా ఆయన వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చెప్పుల చప్పుడు భరించలేకపోతున్నామని కింది ఇంటివాళ్ళు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి చెప్పిపోయారు.

అలాంటి సమయంలో, ఆదివారాలు జనాన్ని అడవిలో తిప్పడానికి మనిషి కావాలని ఆఫీసు గోడకి కాగితం అంటించారు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. జీతం ఎంతని కూడా అడగలేదు. ఆయనకి కావలసింది ఆ తాళంచెవి.

"కళ్ళు మూసుకుని తిప్పుతానమ్మా," అన్నాడు కొత్త ఇంజనీరమ్మతో.

"తెరుచుకునే తిప్పండి, చాలు. శనివారం పరీక్ష. మీ వెంట తిరగడానికి జనం వంతుకి ఎవరినైనా ఒకరిని తెచ్చుకోండి. దారి తప్పితే మాత్రం ఇంకొకరిని చూసుకుంటాను. చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళుంటారు."

జనం వంతుకి భార్య వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ దారి తొక్కలేదు. ఇంట్లో ఒకరి కాళ్ళు అరిగితే చాలదా అనేది.

శనివారం ఇంజనీరమ్మ వాళ్ళని పెద్దదాని దగ్గరికి కాకుండా చిన్నదాని గట్టుకి తీసుకెళ్ళింది. బస్సు ఆగేది అక్కడే కాబట్టి జనం అక్కడినుంచే బయలుదేరాలట. గట్టు మీద అప్పుడే ఒక బాణం గుర్తు పాతారు. మిగతావి ఆఫీసు వరండాలో కట్టగా పడున్నాయి, సోమవారం పాతుతారు. అక్కడినుంచి నడిస్తే నీళ్ళు కుడిచేతి వైపు వస్తాయి. ఆయన ఎన్నడూ అలా నడవలేదు. అయినా, ఎటునుంచి వెళ్ళినా దారి దారే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

గట్టు దాటి చెట్లలోకి అడుగుపెట్టగానే దారి రెండుగా చీలింది.

ఆయన ఆగిపోయాడు. ఎప్పుడూ అటునుంచి ఇంటికి వచ్చేవాడు కాబట్టి పక్కదారులన్నీ ఆయన వెనకనుంచి వచ్చి కలిసేవి. వాటిని ఆయన ఏనాడూ చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు రెండు దారులూ ఒకేలా పచ్చగా, ముక్కూమొహం తెలియనివాళ్ళలా ఎదురుగా నిలబడ్డాయి. ఇంజనీరమ్మ చేతి గడియారం చూసుకుంది. ఇక బతికినన్నాళ్ళూ ఆ వరండాయే గతి అని ఆయనకి అనిపించి దిగులు ముంచుకొచ్చింది.

"ముందుకి చూస్తే తెలియకపోతే వెనక్కి చూడండి," అంది భార్య మెల్లిగా. "మీరు చూసింది అటు వైపే కదా."

ఆయన ఎడమ దారిలో పదడుగులు వేసి వెనక్కి తిరిగాడు. ఏమీ తెలియలేదు. కుడి దారిలో పదడుగులు వేసి తిరిగాడు. వంగిన చెట్టు, దాని తొర్ర, పక్కన పగిలిన తూము, అన్నీ చుట్టాల్లా పలకరించాయి.

"ఇదే," అన్నాడు.

ఇక ఆయన మళ్ళీ ముందుకి తిరగలేదు. వెనక్కి అడుగులేస్తూనే ఏ పిట్ట ఎక్కడ గూడు కట్టేదో, నడిపిది నిండితే నీళ్ళు ఏ చెట్టు మొదలుదాకా వచ్చేవో చెప్పుకుంటూ పోయాడు. భార్య మోచెయ్యి పట్టుకుని, "వేరు. రాయి. ఇక్కడ గుంట," అంటూ నడిపించింది. దారి చూపడానికి వచ్చినాయనకి దారి చూపుతున్నది, ఆ దారి ఎన్నడూ చూడని మనిషి. ఇంజనీరమ్మ నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది.

నడిపిదాని మలుపులో ఒక బల్లపరుపు బండ మీద ఆయన కాళ్ళు వాటంతట అవే ఆగాయి.

"ఇక్కడెందుకాగారు? ఏ పలకా లేదే," అంది ఇంజనీరమ్మ.

ఆయన నీళ్ళ అవతలికి వేలు చూపించాడు. "మా పాత క్వార్టర్స్ వంటింటి కిటికీ ముందుగా కనిపించేది ఇక్కడినుంచేనమ్మా. అది తెరుచుకునేదాకా చూసి కదిలేవాణ్ణి. తెరుచుకుంటే ఈవిడకి కోపం తగ్గిందని లెక్క. అటునుంచి వస్తే ఇల్లు ఎదురొస్తుంది. ఇటునుంచి వెళ్తే వెనకబడిపోతుంది. అందుకే ఒక్కనాడూ ఇటునుంచి నడవలేదు."

భార్య నీళ్ళ అవతల మిలమిలలాడుతున్న కిటికీ వైపు చూసింది.

"కోపమెవరికి? నేను అద్దంలోంచి ఈ బండనే చూస్తూ ఉండేదాన్ని," అంది. "మీ తెల్లచొక్కా ఇక్కడ ఆగాకే పొయ్యి వెలిగించేదాన్ని. పొగ పోవాలని కిటికీ తీసేదాన్ని."

అన్నం ఏ రోజూ చల్లారకపోవడం ఆవిడ చేతి మహిమ అనుకున్నాడు ఆయన ఇన్నాళ్ళూ.

నాలుగు నిమిషాలు ఆలస్యంగా పెద్దదాని గట్టుకి చేరారు. ఇంజనీరమ్మ జేబులోంచి తాళంచెవి తీసింది.

"బాణాలు తిప్పించడం ఒక పూట పని. మిమ్మల్ని తిప్పడం నా వల్ల కాదు," అంది. "జనం బస్సు దిగి ఇక్కడిదాకా నడిచొస్తారు. రేపటినుంచి పెద్దదాని దగ్గరే మొదలుపెట్టండి."

ఆయన చెయ్యి చాపేలోపే భార్య ఆ తాళంచెవి అందుకుని కొంగున ముడివేసుకుంది.

"జనం వంతుకి ప్రతి ఆదివారం నేనొస్తాను," అంది. "ఆ బండ మీద ఈయన ఒక్కరే నిలబడడం ముప్పై ఏళ్ళు చూశాను, చాలు."